చదివింపుల పుస్తకం ఒక్కటే ఉండాలి: హాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కలిపి విరాళాల సభ చేసేవాళ్లకు

పెళ్లిలో చదివింపుల బల్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? ఒకరు పేరు, ఊరు అడుగుతారు, ఒకరు పుస్తకంలో రాస్తారు, ఇంకొకరు కవరు విప్పి లెక్కపెట్టి పెట్టెలో వేస్తారు, మైకులో "ఫలానా వారు వెయ్యి నూట పదహార్లు" అని వినిపిస్తుంది. ఇచ్చినాయన ఎక్కడో మూడో వరసలో ఆ మాట విని తల ఊపుతాడు. ఇంత పని జరగడానికి ఎవరూ ఎక్కడా ట్రైనింగ్ తీసుకోలేదు, మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి అది. సగం మంది హాల్లో, సగం మంది ఫోన్ల ముందు ఉండే విరాళాల సభ చేయాలనుకునేవాళ్లు నన్ను మొదట కెమెరాల గురించి, యాప్‌ల గురించి అడుగుతారు. వాటి సంగతి తర్వాత. ముందు ఆ బల్ల గురించి ఆలోచించండి. డాలస్‌లో ఉన్నాయన ఇచ్చినదీ, ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఇచ్చినదీ ఒకే పుస్తకంలో ఎక్కాలి, ఒకే మైకులో వినపడాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాని కోసమే.

మేం మొదటిసారి చేసినప్పుడు ఇది మాకు తెలియలేదు. మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరి గ్రంథాలయం. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పి చదివించిన ప్రాంతం ఇది, అందుకని లైబ్రరీ అంటే ఇక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ ఒక పట్టింపు. స్లాబు కారుతోంది, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు వానాకాలంలో బల్లలు పక్కకు జరుపుకుని కూర్చుంటున్నారు. సభ పెట్టాం. హాల్లో నూట యాభై మంది, లింకు ద్వారా తొంభై మంది. కెమెరా వెనక గోడ దగ్గర పెట్టాం, దాంతో ఆన్‌లైన్‌లో వాళ్లకు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వ్యాఖ్యాత మొదట్లో ఒకసారి "ఆన్‌లైన్‌లో ఉన్నవారికి కూడా నమస్కారం" అని, తర్వాత ఇక వాళ్ల వైపు చూడలేదు. అరగంటకు తొంభై మందిలో పద్నాలుగు మంది మిగిలారు. ఆ రాత్రి బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్న మా పాత తెలుగు టీచరుగారు మెసేజ్ పెట్టారు: "నాయనా, నా పేరు చదివారా? నాకు వినపడలేదేమో." చదవలేదు. ఆమె పంపిన డబ్బు తాలూకు స్క్రీన్‌షాట్ మా కుర్రాడి వాట్సాప్‌లో ఉండిపోయింది, పుస్తకం దాకా రాలేదు. ఆ మెసేజ్ నాకు చాలా రోజులు గుర్తుంది. అప్పటి నుంచి చేసిన ప్రతి సభా ఆమెకు వినపడేలా చేయాలనే అనుకుని చేశాను.

ఎంత కావాలి, దేనికి

దీన్ని గంటలో తేల్చేయొచ్చు, కానీ తేల్చకుండా మాత్రం ముందుకు వెళ్లకండి. "గ్రంథాలయ అభివృద్ధికి" అంటే ఎవరికీ చెయ్యి రాదు. మేస్త్రీని పిలిపించి స్లాబుకు ఎంత, వాటర్ ప్రూఫింగ్‌కు ఎంత, నలభై కుర్చీలకు ఎంత, ఇన్వర్టర్‌కు ఎంత అని కాగితం మీద రాయించుకోండి, తర్వాత దాన్ని మనుషులు ఇవ్వగలిగే ముక్కలుగా విడగొట్టండి. ఒక పిల్లాడి కుర్చీ, బల్లలో వాటా కలిపి 3,116 అని పెడితే హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం చేస్తున్న కుర్రాడు కూడా "ఒక సీటు నాది" అంటాడు. అడుగున ఒక చిన్న అంకె కూడా ఉంచండి, 116 అయినా సరే. ఊళ్లో పాలు పోసే ఆవిడ 116 ఇచ్చినప్పుడు ఆమె పేరు కూడా అదే గొంతుతో చదవాలి.

సభ ఖర్చు వేరేగా చూసుకోండి. టెంటు, భోజనాలు, మైక్ సెట్ లాంటివి ఒక్కొక్కటి ఒక్కొక్కరు పెట్టుకునేలా ముందే మాట్లాడితే "ఇవాళ వచ్చిన ప్రతి రూపాయీ స్లాబుకే" అని వేదిక మీద నిజంగా చెప్పగలుగుతారు. ఆ మాట ఆన్‌లైన్‌లో వాళ్ల మీద బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లు భోజనం చేయరు కదా.

తేదీ కోసం పంచాంగం, గడియారం రెండూ చూడాలి

ముందు పంచాంగం. మంచి ముహూర్తాలున్న ఆదివారం సభ పెడితే ఫంక్షన్ హాలు దొరకదు, దొరికినా జనం పెళ్లిళ్లకు పోతారు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె గట్టిగా బేరమాడొచ్చు, మైక్ సెట్ వాళ్లు కూడా తీరిగ్గా ఉంటారు. తెలంగాణలో చేసేవాళ్లు ఆషాఢం ఆదివారాలు బోనాలని మర్చిపోకండి. మా వైపైతే సంక్రాంతి రోజుల్లో ఊరంతా ఇంటికొస్తుంది. కనుమ మర్నాడు పెట్టుకున్నవాళ్లకు హాలు నిండిపోయింది, ఆన్‌లైన్ అవసరం సగం తగ్గిపోయింది. మనకు పన్ను సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఇచ్చేవాళ్లలో ఇక్కడ పన్ను కట్టేవాళ్లు ఎక్కువుంటే దానికి ముందు నెల చూసుకోండి.

ఇక గడియారం. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే వేసవిలో న్యూయార్క్ వైపు అదే ఆదివారం పొద్దున తొమ్మిది, డాలస్‌లో ఎనిమిది, కాలిఫోర్నియాలో ఆరు, లండన్‌లో మధ్యాహ్నం రెండు, దుబాయ్‌లో సాయంత్రం ఐదు. కాలిఫోర్నియా వాళ్లకు తప్ప అందరికీ సుఖమైన టైమ్. కాలిఫోర్నియా వాళ్లే ఎక్కువుంటే మన ఆదివారం పొద్దున ఏడున్నరకు పెట్టండి, వాళ్లకు శనివారం సాయంత్రం ఏడు అవుతుంది, న్యూయార్క్‌లో రాత్రి పది. అయితే పొద్దున ఏడున్నరకు మన హాలు నిండదు, ఇది మేం చూశాం. టిఫిన్ పెడతామంటే కొంత నయం. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట మారతాయి. ఆ చుట్టుపక్కల తేదీ పెడితే పిలుపులో ప్రతి ఊరి టైమూ విడివిడిగా రాయండి. మన టైమ్ ఒక్కటే రాసి వదిలేస్తే కనీసం పదిమంది గంట ఆలస్యంగా వస్తారు, అప్పటికి వాళ్ల బడి బ్యాచ్ వంతు అయిపోయి ఉంటుంది.

ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. అంతకన్నా ముందు చెబితే మర్చిపోతారు, ఆలస్యంగా చెబితే కుదరదంటారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే పంపగలం, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోకండి. బ్యాచ్‌కొకరిని, వీధికొకరిని పట్టుకోండి. ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు ఫోన్ చేసి "రేయ్, ఆదివారం లైన్లోకి రా" అంటే వచ్చినంతగా పోస్టర్ చూసి రారు.

డబ్బు ఎవరి దగ్గర తీసుకోవచ్చో ముందే తెలుసుకోండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే ఆన్‌లైన్ తలుపు తెరవగానే చట్టం కూడా లోపలికి వస్తుంది. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ అనే 2010 నాటి చట్టం ఉంది. ఆ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ విదేశీ పౌరుల నుంచి, విదేశీ సంస్థల నుంచి విరాళం తీసుకోకూడదు. మనవాళ్లు పొరపడేది ఎక్కడంటే, అమెరికాలో ఉన్న ప్రతి ఒక్కరినీ ఎన్నారై అనే ఒక్క మాటతో పిలుస్తాం. చట్టం అలా చూడదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు అక్కడ సంపాదించుకున్నది మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చిపోయేవాళ్లు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే, ఇక్కడికొచ్చి రూపాయల్లో చేతికిచ్చినా విదేశీ విరాళమే. వాళ్లకు అది తెలియకపోవచ్చు. అందుకని రిజిస్ట్రేషన్ ఫారంలోనే "మీది ఏ దేశం పాస్‌పోర్ట్?" అని మర్యాదగా అడగండి, ఇండియన్ పాస్‌పోర్ట్ అన్నవాళ్ల దగ్గర దాని కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి.

మీకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి, మీ ఊరి బ్యాంకు క్యూఆర్ వాళ్లకు చూపించకూడదు. లేకపోతే, ఉన్న సంస్థ ద్వారా తెప్పించి మన ఖాతాలో వేయించుకోవడం కూడా అదే సవరణతో ఆగిపోయింది. ఆ సంస్థ తన పనిగా తానే చేయించాలి తప్ప డబ్బు మనకు బదిలీ చేయకూడదు. "మా అన్నయ్యకు పంపుతా, వాడు మీకు వేస్తాడు" అని ప్రేమతో అనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. నాకు ఇది చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ కష్టంగానే అనిపించింది, పుట్టిన ఊరికి ఇస్తానన్నవాణ్ణి వద్దనడం మాటలు కాదు. అయినా వాళ్లకు పనులున్నాయి. పిల్లలకు వారానికోసారి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పొచ్చు, ఇంటర్వ్యూలకు తయారు చేయొచ్చు, తమ బ్యాచ్‌లో ఇండియాలో ఉన్నవాళ్లందరినీ లైన్లోకి లాగొచ్చు. మా సభల్లో బ్యాచ్‌ను కదిలించినవాళ్లలో సగం మంది వీళ్లే.

ఇక్కడి పన్ను సంగతి. మీ ట్రస్టుకు 80జి (ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే రసీదు మీద ఆ నంబర్ వేయండి, ఇచ్చినవాళ్ల పాన్ తప్పనిసరిగా తీసుకోండి, ఏడాది చివర మీరు ఆదాయపు పన్ను శాఖకు దాతల వివరాలు పంపితేనే వాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలా ఇచ్చినా రాదు. ఇది ముందే చెప్పండి, తర్వాత నిష్ఠూరం వద్దు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి, పాత రసీదు పుస్తకం అచ్చు వేయించే ముందు ఆడిటర్‌కు ఒకసారి చూపించండి. ఒకే మనిషి దగ్గర ఒకే కార్యక్రమానికి రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం నేరుగా జరిమానా పడే పని. ఊళ్లో సంచిలో తెచ్చి ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను నవ్వుతూనే బ్యాంకుకు పంపండి.

గుప్తదానం గురించి ఒక మాట. పేరు చెప్పొద్దనేవాళ్లను గౌరవించాల్సిందే, మైకులో "ఒక పూర్వ విద్యార్థి" అంటే చాలు. పుస్తకంలో మాత్రం పేరు, చిరునామా ఉండాలి. ఎవరిచ్చారో మనకే తెలియని డబ్బు ఒక పరిమితి దాటితే దాని మీద 30 శాతం పన్ను పడుతుంది.

బల్ల, పుస్తకం, క్యూఆర్

హాల్లో తలుపు పక్కనే బల్ల వేయండి. అక్కడ నలుగురుండాలి: నగదు తీసుకునేవారు, హాల్లో యూపీఐ చూసేవారు, ఆన్‌లైన్ నుంచి వచ్చినవి చూసేవారు, వీళ్ల ముగ్గురి దగ్గరా విని పుస్తకంలో ఎక్కించేవారు. పుస్తకం అంటే నిజంగా పుస్తకమే అయినా ఫర్వాలేదు, లాప్‌టాప్‌లో షీట్ అయినా సరే, కానీ రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి. వరస నంబర్, పేరు, ఊరు, బ్యాచ్, మొత్తం, ఎలా వచ్చింది, యూపీఐ అయితే ఆ 12 అంకెల రిఫరెన్స్ నంబర్, మైకులో చదవొచ్చా వద్దా. ఈ చివరి గడి చాలామంది వదిలేస్తారు. అంకె వినిపించడం కొందరికి గర్వం, కొందరికి ఇబ్బంది, అడిగి రాసుకోండి. అంకెలు అసలు చదవకుండా పేర్లు మాత్రమే చదవడం నాకు ఇంకా ఇష్టం, కానీ మా పెద్దలు ఒప్పుకోలేదు, ఊరి అలవాటు అలా ఉంది.

"ఇచ్చారు", "ఇస్తామన్నారు" అనే రెండూ కలపకండి. ఖాతాలో పడితేనే నీలం సిరా, మాట ఇస్తే పెన్సిలు. మైకులో కూడా "అందింది" అని ఒకదానికి, "ప్రకటించారు" అని ఇంకోదానికి. సభ చివర "పది లక్షలు వచ్చాయి" అని చప్పట్లు కొట్టించి, ఖాతాలో నాలుగు లక్షలే ఉంటే ఆ మిగతా ఆరు లక్షల గురించి ఊళ్లో ఏడాది పొడుగునా మాట్లాడుకుంటారు.

క్యూఆర్ ట్రస్టు ఖాతాదే ఉండాలి, కార్యదర్శి సొంత నంబర్ ఎంత సులువుగా ఉన్నా వద్దు. గ్రూపుల్లో తిరిగే క్యూఆర్ ఫొటో స్థానంలో ఎవరైనా తమది పెట్టి పంపొచ్చు, కాబట్టి స్కాన్ చేయగానే ఏ పేరు కనిపించాలో పిలుపులో రాయండి, వ్యాఖ్యాత కూడా రెండు మూడు సార్లు పైకి చెప్పాలి: "ఈ పేరు కాకుండా ఇంకేం కనిపించినా పంపకండి." యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష దాకానే వెళ్తుంది, పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్లకు ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్సీ విడిగా పంపండి, నెఫ్ట్ ఆదివారం కూడా పనిచేస్తుంది. అమెరికా, యూకే, యూఏఈ, సింగపూర్ లాంటి చోట్ల ఉన్న మన పౌరులు ఇక్కడి బ్యాంకుల్లో ఉన్న తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు (ఎన్నారైల కోసం ఉండేవి) అక్కడి ఫోన్ నంబర్‌తోనే యూపీఐ పెట్టుకునే వీలు 2023 నుంచి వచ్చింది, చాలామందికి తెలియదు. రెండు వారాల ముందు చెబితే పెట్టుకుంటారు, సభ రోజున చెబితే "తర్వాత పంపుతా" అంటారు.

కొట్లలో ఉండే సౌండ్ బాక్స్ బల్ల మీద పెడితే డబ్బు అందగానే పలుకుతుంది, ఇచ్చినవాళ్లకు నమ్మకం. కానీ గొంతు తగ్గించి పెట్టండి. లక్ష ఇచ్చినాయన వెనకే నిలబడి 116 వేసే పెద్దాయనకు ఆ అంకె హాలంతా వినపడటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

ముందు వినపడాలి

బొమ్మ మసకగా ఉన్నా జనం కూర్చుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. లాప్‌టాప్ సొంత మైకును అసలు నమ్మకండి. మైక్ సెట్ అతని మిక్సర్ నుంచి నేరుగా ఒక వైరు లాప్‌టాప్‌కు రావాలి. అతనికి ముందు రోజే డబ్బిచ్చి పిలిపించుకుని అరగంట రిహార్సల్ చేయండి, ఇంతకన్నా విలువైన అరగంట మొత్తం ఏర్పాట్లలో ఇంకోటి లేదు. ఆన్‌లైన్‌లో ఒకాయన మాట్లాడుతుంటే ఆ మాట హాలు స్పీకర్లలో వచ్చి, తిరిగి వేదిక మైకులోకి దూరి, ఆయనకే రెండో సారి వినపడి తడబడతాడు. పరిష్కారం చిన్నదే: ఆయన మాట్లాడినంతసేపూ వేదిక మైకులన్నీ ఆపేయాలి. ఆ పని ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి, "ఎవరో చూస్తారులే" అంటే ఎవరూ చూడరు.

నెట్ రెండు వేర్వేరు కంపెనీలది ఉండాలి, ఒకటి హాలు వైఫై అయితే ఇంకోటి ఫోన్ హాట్‌స్పాట్. సభ ఏ టైముకో అదే టైముకు ముందు వారం వెళ్లి అప్‌లోడ్ స్పీడ్ చూడండి, డౌన్‌లోడ్ ఎంతుందన్నది ఇక్కడ పనికిరాదు. కరెంటు పోతే జనరేటర్ పది సెకన్లలో అందుకుంటుంది, కానీ ఆ పది సెకన్లకే రౌటర్ ఆగి మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఈలోపు సగం మంది పోతారు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి.

మాట్లాడాల్సిన వాళ్లకు జూమ్, చూసేవాళ్లకు యూట్యూబ్ లైవ్ అని విడదీస్తే సుఖం. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు ఆగిపోతుంది, ఒక నెలకు డబ్బు కట్టేయండి. యూట్యూబ్ ఛానెల్లో మొదటిసారి లైవ్ తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, సభ పొద్దున తెరుద్దామనుకుంటే అయ్యే పని కాదు. మధ్యలో సినిమా పాటలు వేయకండి, కాపీరైట్ వల్ల లైవ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో కోలాటం బృందం, హరికథ చెప్పేవారు ఉన్నారుగా. ఆరుబయట అయితే మైకుకు పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి పది దాటాక ఎటూ ఆపేయాల్సిందే.

సభ నడిచేటప్పుడు

ఇద్దరు వ్యాఖ్యాతలు కావాలి. ఒకరు వేదిక మీద, ఒకరు లాప్‌టాప్ దగ్గర. రెండో మనిషి మాటకారి అయ్యుండాలి, వచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించాలి, చాట్‌లో వచ్చినవి ఏరి వేదికకు చేరవేయాలి. మేం ఈ పని మా హైస్కూల్ పీఈటీ సారుకు అప్పజెప్పాం. ఏ పిల్లాడు ఏ బ్యాచో, ఎవరి తమ్ముడో ఆయనకు తెలుసు. టెక్నాలజీ తెలిసిన కుర్రాణ్ణి ఆయన పక్కన కూర్చోబెట్టాం.

ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ల ముఖాలు కనిపించే తెర హాల్లో జనం వైపు ఉండాలి, వేదిక మీద పెద్దలకు మాత్రమే కనిపించేలా పక్కన పెట్టకండి. రమణ ముఖం తెర మీద కనపడగానే "అదిగో మన రమణ" అని ముసలమ్మలు లేచి చెయ్యి ఊపుతారు, అక్కడ రమణ ఏడుస్తాడు, ఆ నిమిషంలో రెండు చోట్లా ఉన్నవాళ్లు ఒకచోటికి వచ్చేస్తారు. ఇది నేను ప్రతిసారీ చూశాను.

లైవ్ నిడివి గంటన్నర మించొద్దు. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, శాలువాలు లైవ్ మొదలవక ముందే ముగించండి, ఇది పెద్దలతో గొడవ పడైనా సాధించండి. ఎమ్మెల్యేగారు ఆలస్యంగా వస్తే ఆయన కోసం ఆన్‌లైన్ జనాన్ని ఆపకండి. మొదటి పది నిమిషాల్లోనే ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని లైబ్రరీలో నడవాలి. కారుతున్న స్లాబు చూపించాలి, పక్కకు జరిపిన బల్లలు చూపించాలి, చదువుకుంటున్న అమ్మాయిని ఆమె ఒప్పుకుంటేనే మాట్లాడించాలి. పేదరికం చెప్పించకండి. ఏ పరీక్షకు చదువుతోందో, ఏ పుస్తకం దొరకడం లేదో చెప్పమనండి చాలు. తర్వాత ఒక దాత, ఆన్‌లైన్ నుంచే, మూడు నిమిషాలు. తర్వాత అడగడం. అడిగేటప్పుడు నసగకుండా ఎంత కావాలో, ఇప్పటికి ఎంత వచ్చిందో చెప్పి, రెండు నిమిషాలు మైకు మూసి జనాన్ని ఫోన్ తీయనివ్వండి. ఆ మౌనం అందరికీ టెన్షన్‌గా ఉంటుంది, అయినా మధ్యలో మాట్లాడకండి.

పేర్లు చదవడం ప్రతి పదిహేను నిమిషాలకు ఒక విడత. హాల్లో రెండు పేర్లు, ఆన్‌లైన్ నుంచి రెండు పేర్లు, కలగలిపి, పుస్తకంలో ఉన్న వరసలోనే. యూట్యూబ్‌లో చూసేవాళ్లకు మాట పది సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి "ఇప్పుడే పంపండి, ముగించేస్తున్నాం" అని తొందరపెట్టకండి.

వేలం పెడితే ఈ ఆలస్యం ఇంకా ముఖ్యం. మనకు వేలం కొత్త కాదు. గాంధీగారు తనకిచ్చిన సన్మాన పత్రాల్ని సభలోనే వేలం వేసి నిధి పోగుచేసేవారు. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. ఆ ఉత్సాహం మీ సభలోనూ వస్తుంది, వస్తువులో ఊరి జ్ఞాపకం ఉంటే. మేం పాత బడిగంట నమూనా పెట్టాం. వేలం పాడేవాళ్లను జూమ్‌లోకి మాత్రమే రమ్మనండి, యూట్యూబ్ నుంచి పాటలు తీసుకోకండి, "ఒకటోసారి, రెండోసారి" తర్వాత పదిహేను సెకన్లు పూర్తిగా ఆగి, లాప్‌టాప్ దగ్గరి మనిషి చెయ్యి ఊపాకే మూడోసారి అనండి. టికెట్లమ్మి లక్కీ డ్రా తీయడం మాత్రం వద్దు, అది లాటరీ చట్టాల దాకా పోతుంది.

సభ ముగిశాక హాల్లోవాళ్లు భోజనాలకు లేస్తారు. అప్పుడు లింకు కట్ చేసేయకండి. జూమ్‌లో బ్యాచ్‌ల వారీగా విడి గదులు చేసి అరగంట వదిలేయండి, హాల్లోంచి ఒకరిద్దరు ఫోన్లతో ఆ గదుల్లోకి వెళ్లి అమ్మమ్మలకు, మేష్టార్లకు ఫోన్ అందించాలి. ఈ అరగంటలోనే మాకు ఎక్కువ సీట్లు రాశారు, ఎవరూ అడక్కుండానే.

మర్నాటి నుంచి

ఆ రాత్రే నలుగురూ కూర్చుని పుస్తకం, నగదు, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ సరిచూడండి, తేడా ఉంటే నిద్రపోయేలోపే వెతకండి. రెండు రోజుల్లో ప్రతి ఒక్కరికీ రసీదు, పేరు పెట్టి రెండు మాటలు. పెన్సిలుతో రాసినవాళ్లకు మూడో రోజు ఫోన్, మెసేజ్ కాదు. వారం తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత వదిలేయండి. రికార్డింగ్ పెట్టి, నిద్రపోయి చూడలేకపోయినవాళ్ల కోసం పుస్తకం ఇంకో వారం తెరిచే ఉంచుతామని తేదీతో చెప్పండి.

నెలకు లెక్కలు పెట్టండి: ఎంత వచ్చింది, సభకు ఎంత అయింది, అది ఎవరు పెట్టుకున్నారు, మేస్త్రీకి ఎంత ఇచ్చాం, ఇంకా ఎంత ఉంది. స్లాబు పోసే రోజు ఐదు నిమిషాలు లైవ్ ఇవ్వండి, ఏ ఏర్పాటూ అక్కర్లేదు, ఫోన్ చాలు.

గోడ మీద పేర్ల పలక వేయిస్తే అంకెల ప్రకారం వేయించకండి, ఆన్‌లైన్‌వాళ్లని కిందకు నెట్టకండి, పుస్తకంలో ఎక్కిన వరసలోనే చెక్కించండి. మాది అలాగే చెక్కించాం. రెండోసారి సభలో టీచరుగారి పేరు పదిహేడో నంబర్‌గా ఎక్కింది, మైకులో చదివినప్పుడు ఆమె జూమ్‌లోనే ఉన్నారు. పలక బిగించిన రోజు వీడియో కాల్ చేసి ఫోన్ దాని ముందు పెట్టాం. ఆమె కళ్లజోడు తెచ్చుకుని, మొదటి పేరు నుంచి మొదలుపెట్టి, పదిహేడో పేరు దగ్గర ఆగకుండా, చివరి పేరు దాకా పైకి చదివారు.